గ్యాస్ బుక్ చేస్తే ఎవరెవరికి తెలుస్తుంది?

[తెర మీద: ఫోన్‌కు మెసేజ్ వచ్చిన శబ్దం. “మీ రీఫిల్ బుకింగ్ నమోదైంది.”]

నమస్కారం. ఈ మెసేజ్ మన ఫోన్‌కు వచ్చేసరికి అదే బుకింగ్ మన ఊరి గ్యాస్ డీలరు కంప్యూటర్లోకీ చేరిపోతుంది. కావాలంటే కంపెనీ సేల్స్ ఆఫీసరు కూడా దాన్ని చూడగలడు. ఇండేన్, భారత్ గ్యాస్, హెచ్‌పీ, ఏ కంపెనీ అయినా పద్ధతి దాదాపు ఒకటే. కస్టమర్లను, డీలర్లను, సిబ్బందిని ఒక కంపెనీ ఆన్‌లైన్ పోర్టల్‌తో ఎలా కలుపుతుందో చూడాలంటే మన వంటింటి సిలిండరును మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

[తెర మీద: పాత గ్యాస్ ఆఫీసు. కౌంటరు మీద పెద్ద రిజిస్టరు, బయట క్యూ.]

ఒకప్పుడు గ్యాస్ కావాలంటే బుక్కు పట్టుకుని ఆఫీసుకెళ్లి లైన్లో నిలబడాలి. ఫోన్ చేస్తే ఎప్పుడూ ఎంగేజే. “లోడు రాలేదమ్మా, సోమవారం రండి” అంటే మళ్లీ సోమవారం వెళ్లాల్సిందే. లోడు నిజంగా రాలేదా, వచ్చిన సిలిండర్లు ఏ హోటల్‌కో పోయాయా అని తేల్చుకునే దారి మనకు లేదు. మన వంతు ఎప్పుడో చెప్పే రిజిస్టరు డీలరు దగ్గరే ఉండేది. పోర్టల్ వచ్చాక ఆ రిజిస్టరు ఆయన ఒక్కడి చేతిలోంచి బయటికొచ్చింది. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే. ఫోన్లో నుంచే బుక్ చేసుకోగలగడం ఆ తర్వాతి మాట.

అలాగని అందరికీ అన్నీ కనిపించవు. మనం లాగిన్ అయితే మన బుకింగ్, మన బిల్లు, మన పాత సిలిండర్ల చిట్టా, అంతే. డీలరు లాగిన్ అయితే ఆ రోజు బుకింగులు, ఇంకా ఇవ్వాల్సినవి, గోడౌన్లో ఉన్న స్టాకు కనిపిస్తాయి. సరుకు తగ్గుతోందంటే సిలిండర్లు నింపే బాట్లింగ్ ప్లాంటుకు ఇండెంటు, అంటే సరుకు పంపమని ఆర్డరు, పెడతాడు. సేల్స్ ఆఫీసరుకు తన పరిధిలోని డీలర్లందరి పెండింగూ కనిపిస్తుంది. ఎవరి దగ్గర బుకింగులు పేరుకుపోతున్నాయో కూర్చున్న చోటే తెలుసుకోవచ్చు.

ఇందులోంచే స్టార్ రేటింగ్ పుట్టింది. ఎన్ని రోజుల్లో సిలిండరు ఇస్తున్నారో చూసి డీలరుకు స్టార్లు వేస్తారు. సర్వీసు నచ్చకపోతే మన ప్రాంతంలోనే ఇంకో డీలరుకు మారే వీలు 2014 నుంచి ఉంది. దీన్ని వాడుకునేవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. వాడుకోవాలి.

[తెర మీద: గుమ్మం ముందు సిలిండరు దించుతున్న డెలివరీ బాయ్.]

ఇప్పుడు గుమ్మం దగ్గరికి వద్దాం. “ఓటీపీ చెప్పండమ్మా” అంటాడు కదా? దాని పేరు డెలివరీ అథెంటికేషన్ కోడ్. మనం కనెక్షన్‌కు ఇచ్చిన ఫోన్ నంబరుకే వస్తుంది. అతను దాన్ని తన మొబైల్లో కొట్టగానే “డెలివరీ అయింది” అని నమోదవుతుంది. ఆ ఒక్క ఎంట్రీతో డీలరు స్టాకులో ఒక సిలిండరు తగ్గుతుంది, కంపెనీ లెక్కలో మన బుకింగ్ పూర్తయినట్టు పడుతుంది, సబ్సిడీ వచ్చేవాళ్లకైతే దానికి లెక్క మొదలవుతుంది.

ఇన్ని పనులు ఆ కోడ్ మీద నడుస్తున్నాయి కాబట్టి సిలిండరు ఇంట్లోకి రాకముందే దాన్ని చెప్పకండి. “కోడ్ ముందు చెప్పండి, సాయంత్రం తెచ్చిస్తా” అంటే కుదరదనండి. సీలు చూడండి. తూకం వేయమనండి. సిలిండరు మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే కాటా మీద అంత రావాలి. అప్పుడు కోడ్ చెప్పండి. సరుకు రాకుండానే వచ్చినట్టు నమోదైతే అందరి స్క్రీన్ మీదా ఆ అబద్ధమే నిజంగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట. ఆ డెలివరీ బాయ్ కంపెనీ ఉద్యోగి కాడు, డీలరు పెట్టుకున్న మనిషి. ఎండలో మూడంతస్తులు మోసుకొచ్చే మనిషి కంపెనీ జీతాల పట్టీలో ఉండడు, కానీ కంపెనీ వ్యవస్థంతా అతను కొట్టే కోడ్ మీద ఆగి ఉంటుంది. బిల్లు మీద అదనంగా అడిగే ముప్పై, యాభై గొడవ కూడా ఇక్కడే మొదలవుతుంది. ఇంటికి తెచ్చిచ్చే ఖర్చు బిల్లులోనే కలిసి ఉంటుంది. అతని కష్టానికి తగ్గ కూలి డీలరు ఇవ్వాలి, కంపెనీ అది చూడాలి. ఆ సంగతి మాత్రం ఏ స్క్రీన్ మీదా కనిపించదు, కనిపించాలి.

[తెర మీద: బ్యాంకు మెసేజ్.]

ఇక డబ్బు. సబ్సిడీని నేరుగా బ్యాంకు ఖాతాలో వేసే పథకం 2013 జూన్‌లో కొన్ని జిల్లాల్లో మొదలైంది. హైదరాబాద్, అనంతపురం, చిత్తూరు వాటిలో ఉన్నాయి. 2015 జనవరి నుంచి పహల్ పేరుతో దేశమంతటా వచ్చింది. 2024లో తెలంగాణలో మహాలక్ష్మి కింద 500 రూపాయల సిలిండరు, ఆంధ్రప్రదేశ్‌లో దీపం 2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు మొదలయ్యాయి. మొదలైనప్పుడు రెండింటిలోనూ ముందు పూర్తి డబ్బు కట్టాల్సి వచ్చేది, తర్వాత ఖాతాలో పడేది. ఆ జమకు ఆధారం సిలిండరు అందినట్టు పోర్టల్లో పడిన ఎంట్రీయే.

ఇంత వ్యవస్థనూ తికమక పెట్టేది పాత ఫోన్ నంబరు. కనెక్షన్ నాన్నగారి పేరు మీద ఉంటుంది, నంబరు ఎప్పుడో మార్చేసిన సిమ్‌ది. కోడ్ ఇంకెవరి ఫోన్‌కో పోతుంది, గుమ్మం దగ్గర అమ్మకు టెన్షన్. ఇవాళే డీలరు దగ్గరో కంపెనీ యాప్‌లోనో నంబరు సరిచూసుకోండి. కొడుకో కూతురో అమెరికాలో ఉన్నారని వాళ్ల నంబరు ఇవ్వకండి. గుమ్మం దగ్గర నిలబడే మనిషి చేతిలోని ఫోన్ నంబరే ఇవ్వండి.

సిలిండరు ఆలస్యమైనా, తూకం తగ్గినా పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి, ఆ ఫిర్యాదు నంబరు దాచుకోండి. గ్యాస్ లీకైతే మాత్రం పోర్టల్ తెరవద్దు. రెగ్యులేటర్ ఆపండి, కిటికీలు తీయండి, స్విచ్‌లు ముట్టుకోకండి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి. ఆ నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.