రెండుసార్లు తొక్కితే పడుతుందిలే

(రహదారి భద్రతా మాసోత్సవాల్లో భాగంగా విజయవాడ ఆటోనగర్‌లో జరిగిన ట్రావెల్స్ డ్రైవర్ల సభలో ఓ పాత మెకానిక్ ప్రసంగం)

వేదిక మీద పెద్దలకీ, ఎదురుగా కూర్చున్న తమ్ముళ్లకీ నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. గ్రీజు అంటిన చేతులు, జాగ్రత్తగా పక్కన పెట్టా. సీటు బెల్టు గురించి మాట్లాడమని కాగితం రాసిచ్చారు. అది జేబులోనే ఉంది. బెల్టు పెట్టుకోండి, అయిపోయింది. నాకు మాట్లాడాల్సింది కాలికింద సంగతి.

ఒక్కమాట. ఈ రెండేళ్లలో బ్రేక్ ఆయిల్ మార్పించినవాళ్లు చెయ్యెత్తండి. నలుగురు. కాదు, వెనకాయన తల గోక్కుంటున్నాడు. ముగ్గురే.

ఇంజిన్ ఆయిల్‌కి డేట్ రాసి స్టిక్కర్ అంటిస్తారు. బ్రేక్ ఆయిల్‌కి మాత్రం "తగ్గితే పొయ్యి బాబాయ్" అంటారు. అసలు అది ఆయిలే కాదు. ఒక చుక్క పెయింటు మీద పడితే రంగు లేచొస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి. దానికున్న జబ్బల్లా గాలిలో తేమని పీల్చుకోవడం. డాట్ 3 అనే రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. అందులో నూటికి మూడున్నర, నాలుగు వంతులు నీరు చేరిందనుకోండి, 140 దగ్గరే మరిగిపోవచ్చు. డాట్ 4కి ఆ లెక్క 230, 155. మరిగితే ఆవిరి. ఆయిల్ నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలి బలం చక్రం దాకా పోదు, ఆ బుడగ నలగడానికే సరిపోతుంది. బ్రేకు వేడెక్కాక పెడల్ మెత్తబడిందంటే సంగతి ఇదే.

ఇది నాకు పుస్తకం చెప్పలేదు. ఇరవయ్యేళ్ల కిందట దసరా ముందు షెడ్డు నిండా బళ్లు. ఒక మాస్టారు వచ్చారు, పాత కారు. "పెడల్ మెత్తగా ఉంది, చూడవయ్యా, రేపు కొండకెళ్తున్నాం" అన్నారు. నేను ఎక్కి ఒకసారి తొక్కా, దిగింది. రెండోసారి తొక్కా, పట్టింది. చేతిలో వేరే బండి గేర్‌బాక్సు ఉంది. "ఏం కాదు మాస్టారూ, రెండుసార్లు తొక్కితే పడుతుందిలే" అన్నా. డబ్బులు కూడా తీసుకోలేదు, అదేదో పుణ్యం చేసినట్టు.

తిరుమల ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. దిగేది పాత ఘాట్, 1944 నాటి దారి, మలుపు మీద మలుపు. ఆయన బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగారు. సగం దారిలో పెడల్ అడుగుకి వెళ్లిపోయింది. రెండుసార్లు తొక్కారు, నేను చెప్పానుగా. మూడు, నాలుగు, పది. పక్కన ఆవిడ ఒళ్లో మనవరాలు. ఆయనకి తోచి రెండో గేర్‌లోకి లాగి, హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా ఎత్తి, పిట్టగోడకి రాపాడించి ఆపారు. హ్యాండ్‌బ్రేక్‌ది కేబుల్ కాబట్టి సరిపోయింది, దానికి ఆయిల్‌తో పని లేదు. ఎవరికీ ఏం కాలేదు. ఆ సాయంత్రం తిరుపతిలో ఎవరో మెకానిక్ చూసి "బ్రేకు బాగానే ఉందే" అన్నాడట. చల్లారింది కదా, ఆవిరి మళ్లీ నీరయింది, పెడల్ పైకొచ్చింది. బాగైనట్టే ఉంటుంది తమ్ముళ్లూ, అదే దాని మోసం.

మాస్టారు తిరిగొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. ఆయిల్ మార్చమన్నారు. తీస్తే కాఫీ డికాక్షన్.

ఏదో చెబుతున్నా... ఆఁ, పరీక్ష. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కండి, బూస్టర్‌లో, అంటే కాలికి బలం జోడించే భాగంలో, వ్యాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడాలి. అదిమిపట్టి స్టార్ట్ చెయ్యండి. కాస్త దిగి ఆగితే బూస్టర్ బాగున్నట్టే, దానికి కంగారుపడొద్దు. అలాగే పట్టుకుని ఉండగా మెల్లమెల్లగా నేలకి దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది. చక్రాల లోపలివైపు తడి చూడండి, గొట్టాల కీళ్లు చూడండి, మాస్టర్ సిలిండర్, అదే పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టేది, బూస్టర్‌కి కలిసే చోట చూడండి. ఎక్కడా చుక్క లేదా, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పోయినట్టు. తొక్కేకొద్దీ స్పాంజిలా పైకొస్తే ఆయిల్‌లో గాలి చేరినట్టు. వెనక బ్రేకుల్లో షూకీ డ్రమ్ముకీ మధ్య ఎడం పెరిగినా రెండో తొక్కుకి పైకొస్తుంది గానీ, అది మెత్తగా ఉండదు, కిందికెళ్లి టక్కున తగుల్తుంది. ఈ తేడా కాలికే తెలియాలి.

గాలి తియ్యడం ఇద్దరి పని. ఒకరు తొక్కి అదిమిపడితే ఒకరు చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదలాలి, నిపుల్ బిగించాకే కాలు తియ్యాలి. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా అడుగంటనివ్వొద్దు, మళ్లీ మొదటికొస్తుంది. పాత బండైతే పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. అడుగుదాకా తొక్కితే సిలిండర్‌లో ఎన్నడూ తిరగనిచోట తుప్పు ఉంటుంది, కప్పులు చిరుగుతాయి. ఏబీఎస్, అదే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న బండైతే దాని యూనిట్‌లో చిక్కిన గాలి ఇలా రాకపోవచ్చు, స్కానర్ పెట్టాల్సిందే. నా కుర్రాడొకడు చక్రం దగ్గర బ్రేకుని పట్టే కాలిపర్లు కుడీ ఎడమా మార్చి బిగించాడు. నిపుల్ కిందికొచ్చింది, గాలేమో పైన. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తొక్కాం! నవ్వకండి, మూడు డబ్బాల ఆయిల్ పోయింది.

బ్రేక్ ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిల్ పోసి సర్దుకున్నవాళ్లూ ఈ సభలో ఉన్నారు, పేర్లు చెప్పను. రబ్బరు మొత్తం ఉబ్బిపోతుంది బాబూ, లోపలున్నదంతా మార్చాలి.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. సరే. బయట వేపచెట్టు కింద మా షెడ్డు బండి పెట్టా. పారదర్శక గొట్టం, ఖాళీ సీసా, పది నంబరు పానా ఉన్నాయి. చెయ్యెత్తనివాళ్లంతా తాళాలు తీసుకుని రండి. మీ డబ్బా మూత తీసి రంగు చూద్దాం. టీ తర్వాత తాగొచ్చు, అది చల్లారదు, ఫ్లాస్కులో ఉంది.