తాడు దాటిన పాట

అందరికీ నమస్కారం.

ఇందాక మీరు వచ్చి కూర్చుంటున్నప్పుడు ఒక పాట వేశాను. అందులో గిటార్ గరగరమంటోందని ముందు వరసలో ఎవరో అన్నారు. సౌండ్ చూసే తమ్ముడు కూడా లేచి స్పీకర్ దగ్గరికి వెళ్లి చూశాడు. మన స్పీకర్ బాగానే ఉంది. పాడైంది వాళ్ల ఆంప్లిఫయర్. 1951 మార్చిలో ఐక్ టర్నర్ అనే కుర్రాడి బ్యాండ్ మిసిసిపీ నుంచి మెంఫిస్‌కి కారులో రికార్డింగ్‌కి బయల్దేరింది. దారిలో ఆంప్ దెబ్బతింది. బాగు చేయించే టైమ్ లేదు. స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్, చిరిగిన స్పీకర్‌లో కాగితం కుక్కి అలాగే వాయించమన్నాడు. ఆ గరగర ఆయనకి నచ్చింది. ఆ పాటే 'రాకెట్ 88'. మొట్టమొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదే అనేవాళ్లు చాలామంది ఉన్నారు.

అయితే ఆ రికార్డు మీద ఐక్ టర్నర్ బ్యాండ్ పేరు లేదు. పాడిన శాక్సోఫోన్ కుర్రాడి పేరు పెట్టి, అతనికి లేని బ్యాండ్‌ని ఒకదాన్ని కల్పించి అచ్చు వేశారు. ఈ సంగీతం కథలో పేర్లు మాయం కావడం మొదటి రికార్డు నుంచే ఉంది. నేను ఈ సాయంత్రం చెప్పాలనుకున్నది కూడా దాని గురించే. రాక్ అండ్ రోల్ మనుషుల మధ్య కట్టిన తాడుని దాటింది. దాన్ని పుట్టించిన వాళ్లలో చాలామంది మాత్రం తాడుకి ఇవతలే ఉండిపోయారు.

తాడు అని ఊరికే పోలిక కోసం అనడం లేదు. అది నిజం తాడే. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఈ పాట ఎక్కడిదో చూద్దాం. అమెరికా దక్షిణాదిలో పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్లు పాడుకున్న పాటలున్నాయి. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. నాట్ల దగ్గర, కలుపుల దగ్గర మన ఆడవాళ్లు పాడుకోవడం విన్నవాళ్లకి ఈ పద్ధతి వేరే చెప్పక్కర్లేదు. ఆదివారం చర్చిలోనూ అదే వరస: పాస్టర్ ఒక మాట అంటాడు, జనం చప్పట్లతో బదులిస్తారు, పాట వేడెక్కుతుంది. ఈ పాటల్లోంచి వచ్చిందే బ్లూస్. అందులో ఒక చరణం అంటే మూడు పంక్తులు. మొదటి పంక్తిని రెండుసార్లు పాడి, మూడో పంక్తితో దానికి జవాబు చెబుతారు. కష్టం చెప్పుకుని, మళ్లీ చెప్పుకుని, చివర్లో ఒక మాటతో ఊరట పొందినట్టుంటుంది.

తర్వాత లక్షల మంది నల్లవాళ్లు పల్లెలు వదిలి రైలెక్కి ఉత్తరాది నగరాలకి వలస పోయారు. మడ్డీ వాటర్స్ అనే బ్లూస్ గాయకుడు 1943లో మిసిసిపీలో పొలం పని వదిలేసి షికాగో వెళ్లాడు. అక్కడి బార్లలో గోలకి మామూలు గిటార్ వినబడదు, అందుకని కరెంటు గిటార్ పట్టాడు. పల్లె పాటకి నగరం గొంతు వచ్చింది. దాన్ని కాస్త ఉరికిస్తే రాక్ అండ్ రోల్. ఆ రెండు మాటలు కూడా నల్లవాళ్ల పాటల్లో ఎప్పటినుంచో ఉన్నవే. చర్చిలో పూనకం వచ్చినట్టు ఊగడానికీ వాడేవారు, పడకగది సంగతికీ వాడేవారు.

ఆ రోజుల్లో వాళ్ల రికార్డులని సంగీత పత్రికలు విడిగా లెక్కపెట్టేవి. 'రేస్ రికార్డ్స్' అనేవారు. అంటే జాతి పేరుతో వేరే గంపలో వేయడం. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చింది. పేరు మారింది, గంప మాత్రం అలాగే విడిగా ఉంది.

ఆ గంపని కదిలించింది రేడియో. నల్లవాళ్లకి బస్సులో వెనక సీటు, హోటల్లో వేరే తలుపు, నీళ్ల కుళాయి కూడా వేరుగా పెట్టిన దేశంలో, గాలిలో వచ్చే పాటకి వేరే తలుపు పెట్టడం ఎవరివల్లా కాలేదు. క్లీవ్‌లాండ్‌లో రికార్డుల షాపు నడిపే లియో మింట్జ్, తన షాపులో తెల్ల పిల్లలు నల్లవాళ్ల రికార్డులు కొంటున్నారని గమనించి, అలన్ ఫ్రీడ్ అనే రేడియో అనౌన్సర్‌కి చెప్పాడు. 1951 నుంచి ఫ్రీడ్ రాత్రి పూట ఆ పాటలే వేశాడు. వాటిని రాక్ అండ్ రోల్ అని పిలిచాడు. 1952 మార్చి 21న అదే ఊళ్లో ఒక కచేరీ పెట్టాడు. హాల్లో సుమారు 10 వేల మంది పడతారు. దాదాపు రెట్టింపు జనం వచ్చారని అంచనా. తలుపులు విరిగాయి, పోలీసులు వచ్చి కచేరీ ఆపేశారు. మొదటి రాక్ కచేరీగా చరిత్రలో నిలిచింది అదే.

అప్పుడే చేతిలో పట్టే చిన్న వస్తువులు రెండు వచ్చాయి. ఒకటి 1949లో వచ్చిన 45 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే రికార్డు, అటు ఒక పాట, ఇటు ఒక పాట, పిల్లల పాకెట్ మనీకి అందే ధర. రెండోది 1954 చివర్లో వచ్చిన ట్రాన్సిస్టర్ రేడియో. అది చవకేం కాదు, 49.95 డాలర్లు. కానీ హాల్లో నాన్న కుర్చీ పక్కనుండే పెద్ద రేడియో పిల్లవాడి దిండు కిందికి వచ్చేసింది. ఇంట్లో ఏం వినాలో ఇక పెద్దవాళ్ల చేతిలో లేదు. సెల్‌ఫోన్‌తో పిల్లలు గదిలో తలుపేసుకుంటే మనం ఎంత టెన్షన్ పడుతున్నామో, అమెరికా తల్లిదండ్రులు ఆ ట్రాన్సిస్టర్‌తో అంత టెన్షన్ పడ్డారు.

ఇప్పుడు తాడు సంగతి. దక్షిణాదిలో కచేరీ అంటే హాల్ మధ్యలో తాడు కట్టేవారు. ఒకవైపు తెల్లవాళ్లు, ఇంకోవైపు నల్లవాళ్లు. కొన్నిచోట్ల ఒకరికి కింద, ఒకరికి బాల్కనీ. పాట మొదలవుతుంది. కాసేపు ఎవరి పక్క వాళ్లు నిలబడతారు. శాక్సోఫోన్ పైకి లేస్తుంది, కాళ్లు ఆగవు, జనం మధ్యకి జరుగుతారు, తాడు వంగుతుంది. కాసేపటికి తాడు కాళ్ల కింద ఉంటుంది, రెండు రంగుల పిల్లలూ కలిసి గంతులేస్తుంటారు. ఆ రోజుల్లో బ్యాండ్లతో ఊరూరా తిరిగినవాళ్లు తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్న దృశ్యం ఇది. బడుల్లో రంగుని బట్టి వేరు చేయడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1954 మే 17న తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు అమలుకి దక్షిణాది రాష్ట్రాలు ఏళ్ల తరబడి అడ్డుపడ్డాయి. డాన్స్ హాల్లో పిల్లలు మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు.

అందుకే ఈ పాటంటే అంత పగ. అలబామాలో తెల్లజాతి ఆధిపత్య సంఘాల వాళ్లు నాణెం వేస్తే పాట వినిపించే జూక్‌బాక్సుల నుంచి ఈ రికార్డులు తీసేయాలని ఉద్యమం నడిపారు. 1956 ఏప్రిల్ 10న బర్మింగ్‌హామ్‌లో స్టేజీ మీద పాడుతున్న నల్ల గాయకుడు నాట్ కింగ్ కోల్ మీదకి దూకి కింద పడేశారు. ఆయన పాడేది రాక్ అండ్ రోల్ కూడా కాదు, మెత్తని ప్రేమ పాటలు. పుట్టింది ఆ అలబామాలోనే. ఆ తర్వాత ఆయన దక్షిణాదిలో మళ్లీ పాడలేదని చెబుతారు.

ఇక ఎల్విస్, ఈ పాటలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న తెల్ల గాయకుడు. నేను కాలేజీలో ఉన్నప్పుడు హాస్టల్ రూమ్మేట్ క్యాసెట్‌లో 'హౌండ్ డాగ్' విన్నాను. అది ఎల్విస్ ప్రెస్లీ పాట అనే అనుకున్నాను, అందరూ అలాగే అన్నారు. పదేళ్ల తర్వాత బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్ల గాయని పాడిన అసలు పాట నా చెవిన పడింది. 1952లో లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేసింది. అందులో ఒక ఆడమనిషి, తన తిండి తిని తనని మోసం చేసే మగాణ్ణి గుమ్మం బయటికి నెడుతోంది. గొంతులో వెటకారం, కోపం, మధ్యలో నవ్వు. వెనక గిటార్ ఆమెకి బదులిస్తుంటే, చివరికి వాయించేవాళ్లు కుక్కల్లా అరుస్తారు. ఎల్విస్ పాటలో ఆ ఆడమనిషీ లేదు, ఆ కథా లేదు, నిజంగానే కుక్క గురించిన పాటైపోయింది. ఆ రాత్రి నేను ఆమె పాటని ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు. ఆమె పాట 1953లో రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. దాని మీద తనకి వచ్చింది 500 డాలర్లని ఆమె చెప్పుకుంది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో అద్దె గదుల ఇంట్లో చనిపోయింది.

ఎల్విస్‌ని దొంగ అని నేను అనను. పేదింట్లో పుట్టి, నల్లవాళ్ల చర్చి పాటలూ బ్లూసూ వింటూ పెరిగిన కుర్రాడు. తను పాడేది నల్లవాళ్లు ఎన్నో ఏళ్లుగా పాడుతున్నదేనని 1956లోనే ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు, ఆర్థర్ క్రూడప్ అనే నల్ల గాయకుడి పేరు కూడా చెప్పాడు. 1954లో ఎల్విస్ మొదటి రికార్డు క్రూడప్ పాటే. అది మెంఫిస్ రేడియోలో మోగిన రాత్రి, అనౌన్సర్ ఎల్విస్‌ని పిలిచి ఏ హైస్కూల్లో చదివావని అడిగాడు. స్కూలు పేరు వింటే అతను తెల్లవాడని శ్రోతలకి అర్థమవుతుంది. పాట విని నల్లవాడనుకున్నారు మరి! తప్పు ఆ కుర్రాడిది కాదు. ఒకే పాటకి ఒకడికి కారు, ఇంకొకడికి కూలీ ఇచ్చిన వ్యాపారానిది. క్రూడప్‌కి రావలసిన రాయల్టీ ఆయన బతికుండగా పూర్తిగా చేతికి రాలేదు.

నల్ల గాయకుడు లిటిల్ రిచర్డ్ 'టుట్టీ ఫ్రుట్టీ' పాడితే పాట్ బూన్ అనే తెల్ల గాయకుడు దాన్ని చప్పగా మళ్లీ పాడాడు. అదే చార్టులో పైకి వెళ్లింది. తర్వాతి పాటని లిటిల్ రిచర్డ్, అతని ప్రొడ్యూసర్ కావాలనే పరుగులు పెట్టించారు, బూన్‌కి నోరు తిరగకూడదని! చక్ బెర్రీ అనే నల్ల గాయకుడు 1955లో 'మేబెలీన్' రాస్తే, రికార్డు మీద రచయితల్లో ఒకడిగా అలన్ ఫ్రీడ్ పేరుంది. ఫ్రీడ్ ఒక్క అక్షరం రాయలేదు. రేడియోలో ఎక్కువసార్లు వేయడానికి అది లంచం. పూర్తి హక్కు బెర్రీకి తిరిగి వచ్చేసరికి 1986. ఇదే ఫ్రీడ్, తెల్లవాళ్ల నకళ్లు వేయకుండా అసలు రికార్డులే వేస్తానని పట్టుబట్టినవాడు కూడా. ఆయన మీద నాకు గౌరవమూ ఉంది, కోపమూ ఉంది.

మన దగ్గరా ఇది కొత్త కాదు. పల్లెలో ఒక పెద్దావిడ పాడిన పాట సినిమాలోకి వెళ్తుంది, 'జానపదం' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఆవిడకి ఒక పేరుంటుంది కదా!

అట్లాంటిక్ అవతల ఈ రికార్డులు ఓడల్లో ఇంగ్లండ్ చేరాయి. బీటిల్స్ అనే బ్యాండ్ కట్టిన లివర్‌పూల్ కుర్రాళ్లు నలుగురు వాటిని అరిగేదాకా విని తిరిగి అమెరికాకే తెచ్చారు. 1964 సెప్టెంబర్ 11న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కచేరీ. జనాన్ని రంగుని బట్టి విడదీసి కూర్చోబెడితే పాడేది లేదని బీటిల్స్ తేల్చి చెప్పారు. నిర్వాహకులు దిగివచ్చారు. జులైలో పౌరహక్కుల చట్టం వచ్చి రెండు నెలలే అయింది. అక్కడ చట్టంతో పాటు పాట కూడా తాడు విప్పింది.

సోవియట్ దేశంలో ఈ పాటలు దొరికేవి కావు. అక్కడి కుర్రాళ్లు ఆసుపత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, గుండ్రంగా కత్తిరించి, మధ్యలో సిగరెట్‌తో చిల్లు కాల్చి, వాటి మీద పాట గీసి దొంగచాటుగా అమ్ముకున్నారు. వెలుతురుకి పట్టి చూస్తే ఎవరివో పక్కటెముకలు కనిపిస్తాయి, గ్రామఫోన్ మీద పెడితే రాక్ అండ్ రోల్ వినిపిస్తుంది. 'ఎముకల మీద సంగీతం' అనేవారు. చెకొస్లొవేకియాలో 1976లో ఒక రాక్ బ్యాండ్ వాళ్లని జైల్లో పెట్టారు. వాళ్ల కోసం కలిసిన రచయితలు, మేధావులే మరుసటి ఏడు జనవరిలో 'చార్టర్ 77' అనే హక్కుల ప్రకటన తెచ్చారు. అందులో ముందున్న నాటక రచయిత వాస్లావ్ హావెల్ 1989 చివర్లో ఆ దేశ అధ్యక్షుడయ్యాడు.

చివరగా ఒక మనిషిని చూపించి ఆపేస్తాను. సిస్టర్ రోసెట్టా థార్ప్. 1915లో ఆర్కన్సాలో పుట్టింది. చర్చి పాటలు పాడుతూ కరెంటు గిటార్ మోగించింది, ఎల్విస్ గిటార్ పట్టకముందే. 1947లో మేకన్ అనే ఊళ్లో తన కచేరీకి ముందు ఒక పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి స్టేజీ ఎక్కించి పాడించింది. ఆ పిల్లాడే లిటిల్ రిచర్డ్. 1973లో ఆమె చనిపోతే సమాధి మీద ముప్ఫై ఏళ్లకి పైగా పేరున్న రాయి కూడా లేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో మొదటిసారి గాయకులని ఎంచినప్పుడు అందులో ఒక్క ఆడమనిషీ లేదు. రోసెట్టాకి అక్కడ చోటు దొరికింది 2018లో.

ఇప్పుడు మీరు చూడబోయేది 1964 మే నెలలో మాంచెస్టర్‌లో మూతబడిన ఒక రైల్వే స్టేషన్. జనం ఒక ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు, మధ్యలో పట్టాలు, అవతలి ప్లాట్‌ఫారం మీద ఆమె. వాన పడింది, నేలంతా తడి. గుర్రపు బండి దిగి, కోటు వేసుకుని నడిచి వచ్చి, వాన మీదే ఒక పాట అందుకుంటుంది. తెల్ల గిటార్ భుజానికి తగిలించుకున్నాక ఆమె కుడి చెయ్యి చూడండి.

తమ్ముడూ, లైట్లు తీసెయ్. సౌండ్ కాస్త పెంచు.