నులిపురుగును నిద్రలేపి చంపే ఎర పంట

[తెరపై: పీకిన బంగాళాదుంప మొక్క వేరు, బాగా దగ్గరగా]

వేరుకు అంటుకున్న ఈ పసుపు పూసలు చూడండి. గుండుసూది తలకన్నా చిన్నవి. ఇవి ఆడ నులిపురుగులు. ఒక్కోదాని కడుపులో వందల గుడ్లుంటాయి. పురుగు చచ్చాక దాని చర్మమే గోధుమరంగు తిత్తిలా గట్టిపడి గుడ్లను కాస్తుంది. కొన్ని గుడ్లు 20 ఏళ్లయినా చావవు. రెండేళ్లు పంట మార్చినా పురుగు పోలేదని రైతు తలపట్టుకునేది అందుకే.

[తెరపై: మట్టిలో వేళ్లు, పక్కన తిత్తి బొమ్మ]

బంగాళాదుంప వేళ్లు మట్టిలోకి కొన్ని రసాయనాలు వదులుతాయి. వేరు దగ్గర్లో ఉందని గుడ్లకు అదే కబురు. ఏటా కొన్ని గుడ్లు వాటంతట అవే పొదిగినా, ఎక్కువ భాగం ఈ కబురు కోసమే కాచుకుని ఉంటాయి. బయటికొచ్చిన పిల్లపురుగుకు ఒంట్లో ఉన్న శక్తి అయిపోయేలోగా వేరు దొరకాలి. లేకపోతే చావే.

ఎర పంట దెబ్బ తీసేది ఇక్కడే. సోలనమ్ సిసింబ్రిఫోలియం అని ఒక ముళ్ల మొక్క ఉంది. దక్షిణ అమెరికాది, వంగ కుటుంబమే. దీని వేళ్లు కూడా పురుగును లేపుతాయి. పురుగు వేరులోకి దూరుతుంది కానీ, అక్కడ ఎదిగి గుడ్లు పెట్టలేదు. పైరు మాత్రం ఒత్తుగా రావాలి, వేళ్లు చేరని చోట గుడ్లు అలాగే మిగులుతాయి. చల్లటి నేలలో ఈ మొక్క నెమ్మదిగా ఎదుగుతుంది. గింజ కట్టకముందే కోసేయాలి, లేకపోతే అదే కలుపవుతుంది.

[తెరపై: పచ్చగా ఎదుగుతున్న బంగాళాదుంప చేను]

బంగాళాదుంపనే ఎరగా వేయడం ఇంకో దారి. పురుగులు వేళ్లలోకి చేరాక, కొత్త గుడ్లు తయారవకముందే మొక్కల్ని వేళ్లతో సహా నాశనం చేయాలి. సుమారు ఆరు వారాలే గడువు, వెచ్చటి నేలలో ఇంకా తక్కువ. నాకు టెన్షన్ ఇక్కడే. పచ్చటి చేను చూస్తే ఎవరికైనా చేయి ఆడదు, ఇంకో వారం ఆగుదామనిపిస్తుంది. ఆ వారంలో తిత్తులు గుడ్లతో నిండితే, పురుగును మీరే పెంచినట్టు. తేదీకి కచ్చితంగా పీకలేమనుకుంటే ఈ దారి వద్దు.

బంతి వేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. బంతి పనిచేసేది వేరుకాయ పురుగు, వేరుమచ్చ పురుగు అనే వేరే రకం నులిపురుగుల మీద. ఈ తిత్తి పురుగును బంతి వేళ్లు లేపవు. అందుకే ఏ ఎర వేయాలో తేల్చేముందు చేను అంతటా చాలా చోట్ల మట్టి తీసి, కలిపి, పరీక్షకు పంపండి. అందులో ఉన్నది ఏ పురుగో, ఎంత ఉందో తెలిశాకే విత్తనం కొనండి.