గ్యాలరీలో అంత చీకటి ఎందుకు? మంచి ఎగ్జిబిషన్ మూడు నెలలకే ఎందుకు మూసేస్తారు?

[స్క్రీన్ మీద: మసక వెలుతురు గది, గోడకు ఒక చిన్న వాటర్‌కలర్]

ఏ ప్రాంతీయ మ్యూజియం రివ్యూలు తెరిచినా, ఎగ్జిబిషన్ ఎంత బాగున్నా సరే, రెండు ఫిర్యాదులు ఖాయం. ఒకటి: "లోపలంతా చీకటి, కరెంటు బిల్లు దగ్గర కక్కుర్తి." రెండోది: "పేరున్న బొమ్మ కోసం వెళ్తే అది లోపల దాచేశారట, ఎప్పుడో గానీ బయటపెట్టరట." ఇవి చదివినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ చీకటి వెనక ఒక లెక్క ఉంది. ఆ బొమ్మల్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు వేసిన లెక్క అది. ఇవాళ దాన్నే చూద్దాం.

ఎండకు రంగు వెలుస్తుందని మీకు చెప్పక్కర్లేదు. చాలామంది పొరబడేది ఆ తర్వాతే. ఎండ తగలకపోతే చాలు, బల్బు వెలుతురుకు ఏమీ కాదనుకుంటారు. అవుతుంది. వెలుతురు తగ్గిస్తే నష్టం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. ఇంతకన్నా తక్కువైతే ఇక భయం లేదు అని గీసుకోవడానికి గీతంటూ లేదు.

ఎందుకంటే, రంగు పదార్థం కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుంటేనే మన కంటికి ఆ రంగు కనిపిస్తుంది. పీల్చుకున్న శక్తిలో చాలావరకు వేడిగా మారిపోతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం అణువులో ఒక బంధం తెగుతుంది, లేదా పక్కనున్న ఆక్సిజన్‌తో చర్య జరుగుతుంది. అలా దెబ్బతిన్న అణువు ఇక ఆ రంగు చూపించదు. అంటే బొమ్మను మనకు చూపించే కాంతే దాన్ని కొంచెం కొంచెం తినేస్తోంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది, బాధగా అనిపించేది కూడా ఇదే.

కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు కదా. ఒక ఇల్లు ఊహించుకోండి. తాతగారు ఒక మూట ఇచ్చి వెళ్లారు. ఇంట్లో ఎవరికీ సంపాదన లేదు, ఇక రాదు కూడా. ఆ మూటతోనే పిల్లలు, మనవలు, వాళ్ల మనవలు బతకాలి. ప్రతి వాటర్‌కలర్‌దీ, ప్రతి పట్టు వస్త్రానిదీ, ప్రతి పాత ఫొటోదీ ఇదే పరిస్థితి. చిత్రకారుడు వేసి వెళ్లిన రంగే మూట. అందులో మళ్లీ వేసేది ఏమీ ఉండదు, తీసేదే.

ఆ ఇంట్లో ఖర్చు లెక్కపెట్టే నాణెం పేరు లక్స్-గంట. లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురు కొలత. నడినెత్తి ఎండ దాదాపు 1,00,000 లక్స్. ఆఫీసు బల్ల మీద 300 నుంచి 500. మ్యూజియంలో సున్నితమైన వస్తువు మీద 50. ఈ సంఖ్యను ఎన్ని గంటలు వెలుతురు పడిందో దాంతో గుణిస్తే ఖర్చు తెలుస్తుంది. 50 లక్స్ దగ్గర పది గంటలు ఉంచినా, 500 దగ్గర ఒక్క గంట ఉంచినా మూటలోంచి పోయేది 500 లక్స్-గంటలే. ఒక్క గంట నేరుగా ఎండ పడితే? రోజుకు ఎనిమిది గంటల చొప్పున 250 రోజులు గ్యాలరీలో చూపించగలిగిన ఖర్చు ఆ గంటలోనే అయిపోయింది.

అసలు 50 అనే సంఖ్యే ఎందుకు? మన కన్ను రంగుల్ని ఒకదాన్నుంచి ఒకటి సరిగ్గా గుర్తుపట్టాలంటే దాదాపు అంత వెలుతురు కావాలి. అంటే బొమ్మకు అది క్షేమమని పెట్టింది కాదు. మనం చూడగలిగే కనీసం అది. ఇల్లు గడవడానికి ఎంత తక్కువ తీయగలమో అంతే తీస్తున్నారు.

[స్క్రీన్ మీద: ఎనిమిది నీలం ఉన్ని పీలికలు అంటించిన కార్డు, సగం రేకుతో కప్పి ఉంది]

ఇది చూడండి, నాకు చాలా ఇష్టమైన వస్తువు. దీన్ని బ్లూ వూల్ కార్డ్ అంటారు. ఎనిమిది నీలం ఉన్ని పీలికలు. మొదటిది అన్నిటికన్నా త్వరగా వెలిసిపోతుంది, ఎనిమిదోది మొండిది. సగం రేకుతో కప్పి, గ్యాలరీలో వెలుతురు పడే చోట ఉంచుతారు. కొన్ని నెలల తర్వాత రేకు తీసి చూస్తే, కప్పిన సగానికీ తెరిచిన సగానికీ ఎన్ని పీలికల్లో తేడా వచ్చిందో కళ్లకు కడుతుంది. అతినీలలోహిత కిరణాలు లేని వెలుతురులో మొదటి పీలికలో తేడా కనిపించడానికి దాదాపు 3,00,000 లక్స్-గంటలు చాలు. 50 లక్స్‌లో, రోజుకు ఎనిమిది గంటలు, ఏడాది పొడుగునా ఉంచితే 1,46,000. అంటే ఆ మసక గదిలో కూడా రెండేళ్లు చాలు.

ఇప్పుడు మూడు నెలల రహస్యానికి వద్దాం. కాంతి ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ సీఐఈ 2004లో మ్యూజియంలకు ఒక కోటా సూచించింది. బాగా సున్నితమైన వస్తువుకు 50 లక్స్ మించకూడదు, ఏడాదికి 15,000 లక్స్-గంటలు మించకూడదు. భాగించి చూడండి: 300 గంటలు. రోజుకు ఎనిమిది గంటలంటే 37 రోజులు, పైన ఒక పూట. ఏడాదికి అంతే! మూడు నెలల ఎగ్జిబిషన్‌కు దాదాపు 36,000 ఖర్చవుతుంది. అంటే రెండేళ్ల పైచిలుకు కోటా ఒకే విడతలో వాడేశారు. ఇక ఆ బొమ్మ స్టోరేజ్‌లో చీకట్లో కూర్చోవాలి. "ఎప్పుడో గానీ బయటపెట్టరు" అన్న ఫిర్యాదుకు జవాబు ఈ భాగహారంలోనే ఉంది.

ఇలా దాచిపెట్టి తిన్న ఇంటి కథ ఒకటి నిజంగానే ఉంది. హెన్రీ వాన్ అనే ఆయన బొమ్మలు సేకరించేవాడు. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ వేసిన వాటర్‌కలర్లు ఆయన వీలునామా ప్రకారం 1900లో మ్యూజియంలకు చేరాయి. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోకు 38, ఐర్లాండ్‌లోని డబ్లిన్‌కు 31. షరతు ఏంటంటే, ఏటా జనవరిలోనే చూపించాలి, అదీ టికెట్ లేకుండా. అక్కడ పగటి వెలుతురు బాగా తక్కువగా ఉండే నెల అది. లక్స్ మీటర్లు గ్యాలరీల్లోకి రాకముందే ఒక మనిషి కేలండర్‌తో వెలుతురును కొలిచాడు! మిగతా పదకొండు నెలలూ బొమ్మలు చీకట్లోనే. అందుకే నూరేళ్లు దాటినా ఆ ఆకాశాలు అంత తాజాగా ఉన్నాయి. ఇవాళ బల్బుల్ని అదుపులో పెట్టుకోగలం, జనవరే కావాలని లేదు. అయినా ఆ మ్యూజియంలు ఆ ఆనవాయితీ వదల్లేదు. నాకు ఆ పట్టుదల ఎంతో నచ్చుతుంది.

లెక్క లేకుండా ఖర్చుపెట్టిన ఇల్లు కూడా ఉంది. అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్‌కో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం వేసిన ఐదు పెద్ద చిత్రాలు 1964లో అక్కడి ఒక భోజనశాలలో పెట్టారు. పెద్ద పెద్ద కిటికీలు, ధారాళంగా ఎండ. ఆయన వాడిన ఎరుపుల్లో లిథాల్ రెడ్ అనే రంగు ఉంది, అది వెలుతురుకు అసలు తట్టుకోదు. 1979 కల్లా వాటిని దింపి స్టోరేజ్‌కు పంపాల్సి వచ్చింది. పదిహేనేళ్లలో మూట ఖాళీ. 2014లో మళ్లీ చూపించినప్పుడు బొమ్మల మీద ఒక్క చుక్క రంగు వేయలేదు. ఎక్కడ ఎంత రంగు పోయిందో లెక్కగట్టి, అంత రంగు వెలుతురును ప్రొజెక్టర్‌తో దాని మీద పడేలా చేశారు. రోజూ సాయంత్రం నాలుగింటికి ప్రొజెక్టర్లు ఆపేసేవాళ్లు. అప్పుడు అసలు మిగిలిందేంటో కళ్లెదుట కనిపించేది. ఆ క్షణం కోసమే జనం నిలబడి ఎదురుచూసేవాళ్లు.

ఇంకో సంగతి, ఇది దగ్గర్నుంచి చూడాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ 1883లో వేసిన మేడమ్ లియోన్ క్లాపిసన్ చిత్రం చికాగోలో ఉంది. నేపథ్యమంతా చల్లని నీలి బూడిద రంగుల్లో కనిపిస్తుంది. ఫ్రేమ్ విప్పి చూస్తే, అంచున ఫ్రేమ్ కప్పి ఉంచిన సన్నటి పట్టీలో నిప్పులాంటి ఎరుపు! ఆయన వేసిన అసలు నేపథ్యం అది. కాచినీల్ పురుగుల నుంచి తీసే కార్మైన్ రంగు వెలుతురు తగిలిన మేరా పోయి, ఫ్రేమ్ నీడలో మాత్రం మిగిలింది. మనం ఇన్నాళ్లూ ప్రశాంతమైన బొమ్మ అనుకుంటూ వచ్చాం.

పాత గోడ తెరల్లో, కోరమాండల్ తీరం నుంచి ఎగుమతైన కలంకారి వస్త్రాల్లో ఆకులు నీలంగా ఎందుకు ఉంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? అప్పట్లో నీలిమందు మీద పసుపు రంగు వేసి ఆకుపచ్చ తెచ్చేవాళ్లు. పసుపు వెలిసిపోయింది, నీలిమందు గట్టిది కాబట్టి నిలిచింది. ఎగ్జిబిషన్‌లో నీలం ఆకులు కనిపిస్తే, ఆ తీగలన్నీ ఒకప్పుడు పచ్చగా ఉండేవని గుర్తుచేసుకోండి. బొమ్మ ఒక్కసారిగా వేరేగా కనిపిస్తుంది.

ఒక ఫిర్యాదు మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పెద్ద వయసువాళ్లకు మసక గదిలో నిజంగా కష్టం. అరవై ఏళ్ల కంట్లో రెటీనాకు చేరే వెలుతురు, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతే. వాళ్లు అడిగేది న్యాయం. పరిష్కారం కూడా అదే లెక్కలో ఉంది: 150 లక్స్ పెట్టి 100 గంటలు చూపించినా, 50 పెట్టి 300 గంటలు చూపించినా ఖర్చు ఒకటే. వారంలో ఒక పూట వెలుతురు పెంచి పెద్దవాళ్లను పిలవొచ్చు. మనిషి దగ్గరికి వస్తేనే వెలిగే సెన్సర్ లైట్లు పెట్టొచ్చు. బొమ్మ పక్కన వివరాల బోర్డును పెద్ద అక్షరాలతో ముద్రించడానికైతే ఒక్క లక్స్ కూడా ఖర్చు కాదు, అది కూడా చేయని చోట్ల మాత్రం నాకు కోపం వస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అన్నిటికీ 50 కాదు. రాయి, లోహం, మట్టిపాత్రలకు వెలుతురుతో దాదాపు ఇబ్బంది లేదు. తైలవర్ణ చిత్రాలకు మామూలుగా 150 నుంచి 200. కాగితం, బట్ట, రంగు ఫొటోలు, పాత జపాన్ చెక్క అచ్చు ప్రింట్లు, స్కెచ్‌పెన్ బొమ్మలు... వీటి దగ్గరే అసలు టెన్షన్. ప్రాంతీయ మ్యూజియంల సేకరణల్లో కాగితం మీది పని, బట్టల మీది పని ఎక్కువ కాబట్టి చీకటి గదులు కూడా అక్కడే ఎక్కువ కనిపిస్తాయి.

ఫ్లాష్ సంగతి. ఒక్క ఫ్లాష్ మెరుపు ఇచ్చే కాంతి, గది వెలుతురు కొన్ని సెకన్లలో ఇచ్చేంతే. అంటే బొమ్మను చంపేది ఫ్లాష్ కాదు, రోజంతా వెలిగే బల్బు. అయినా వద్దన్నచోట వాడకండి, పక్కన చూసేవాళ్ల ఏకాగ్రత చెడుతుంది.

వేరే చోటి నుంచి అరువు తెచ్చిన బొమ్మ అయితే, ఖర్చు అవుతున్నది ఎవరిదో మూట. అందుకే ఎన్ని లక్స్, ఎన్ని వారాలు అన్నది ఒప్పందంలోనే రాసుకుంటారు. చివరి తేదీ పొడిగించమని ఎంత బతిమాలినా కుదరకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

లోపలికి వెళ్లగానే బొమ్మ మీదికి పోకండి. గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు ఆగితే కన్ను ఆ వెలుతురుకు చాలావరకు అలవాటు పడుతుంది. ఫోన్ తీయొద్దు, స్క్రీన్ చూశారంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఆఖరిది, మీకు నిజంగా పనికొచ్చేది. ప్రస్తుతం నడుస్తున్న ఎగ్జిబిషన్ల జాబితా చూసేటప్పుడు "కాగితంపై వాటర్‌కలర్", "పట్టు", "చేతిరాత ప్రతి" అని ఉన్నవాటికి ముందు వెళ్లండి. కంచు శిల్పం వచ్చే ఏడాది కూడా ఉండే అవకాశం ఎక్కువ. పెద్ద ఎగ్జిబిషన్లలో మధ్యలో కొన్ని బొమ్మలు దింపి వేరేవి పెడతారు, చేతిరాత పుస్తకమైతే పేజీ తిప్పుతారు. కాబట్టి ఒక ప్రత్యేకమైన బొమ్మ కోసమే వెళ్తుంటే, బయల్దేరే ముందు ఫోన్ చేసి అది ఏ తేదీ వరకు గోడ మీద ఉంటుందో అడగండి. మ్యూజియం తెరిచి ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు.