భీమవరం ఇళ్ల స్థలాల రివ్యూ: మెరక ఖర్చు ఎవరిది?

నమస్కారమండీ. భీమవరం చుట్టుపక్కల ఇళ్ల స్థలాల గురించి చెప్పమని చాలామంది అడుగుతున్నారు. ముఖ్యంగా హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉద్యోగం చేసుకుంటూ, అమ్మానాన్నల కోసం ఊళ్లో ఒక ఇల్లు ఉండాలనుకునేవారు. అందుకని ఈ వీడియోలో ఏదో ఒక వెంచర్‌ను కాకుండా, ఈ పట్టణంలో స్థలం కొనడమనే వ్యవహారాన్నే పరిశీలిద్దాం. ఏ వెంచర్ వారి నుంచీ నాకు కమీషన్ రాదని ముందే మనవి చేస్తున్నాను.

ఊరు పెరుగుతోందన్న మాటలో అబద్ధం లేదు. 2022 ఏప్రిల్ 4న పశ్చిమ గోదావరి జిల్లాకు భీమవరం కేంద్రమైంది. అంతవరకు కలెక్టరు కార్యాలయంలో పనిబడితే ఏలూరు వెళ్లిన జనం ఇప్పుడు ఇక్కడికే వస్తున్నారు. 165వ నంబరు జాతీయ రహదారి, రెండు రైల్వే స్టేషన్లు, ఇంజనీరింగ్ కళాశాలలు అన్నీ బ్రోచరులో రంగుల్లో ఉంటాయి కనుక వాటిని వదిలేస్తాను. బ్రోచరులో ఉండనిది రొయ్య ధర. ఇక్కడ స్థలాల్లోకి వచ్చే డబ్బులో చెరువుల డబ్బు చాలా ఉంటుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతుకు పట్టిన దిగులు చెరువు గట్టు దగ్గరే ఆగలేదు. రొయ్య రేటు పడిన నెలలో వెళ్లి అడిగితే గజం ధర పైకి తగ్గదు గాని, బేరానికి కూర్చునే ఓపిక మాత్రం అమ్మేవారికి పెరుగుతుంది.

ఇక అసలు విషయం నేల ఎత్తు. పల్లపు స్థలాన్ని మట్టి పోసి ఎత్తు చేయడాన్నే మెరక చేయడం అంటాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టా రెండు రకాల కాలువల మీద బతుకుతోంది: పొలానికి నీరు తెచ్చే పంట కాలువ, పొలంలో మిగిలిన నీటిని సముద్రం వైపు తీసుకుపోయే మురుగు కాలువ. భీమవరంలో ఆ రెండో బరువు మోసేది యనమదుర్రు డ్రెయిన్. లేఅవుటు వేసేవారు పొలం మధ్య బోదెను, అంటే చిన్న నీటి కాలువను, పూడ్చి దాని మీద రోడ్డు పోస్తే వాన నీటికి దారి పోతుంది. కాగితం మీద మాత్రం అదే చోటు తూర్పు ఫేసింగ్ కార్నర్ బిట్ అవుతుంది.

కిందటి వర్షాకాలంలో ఊరి శివారున నేను చూసిన ఒక వెంచర్ సంగతి చెబుతాను; పేరు అనవసరం. ముందు ఆర్చి, నల్లటి తారు రోడ్డు, అటూ ఇటూ పామ్ మొక్కలు ఉన్నాయి. ప్లాటు మాత్రం రోడ్డుకు మూడడుగుల పల్లంలో ఉంది. హద్దురాయికి వేసిన సున్నంలో పైన నాలుగు వేళ్ల మేర తెల్లగా ఉండి, కిందంతా బురద చార కట్టింది. ఒక మూల మట్టిలో, రొయ్యల చెరువు నీటికి గాలి అందించే ఏరేటరు తాలూకు విరిగిన ప్లాస్టిక్ రెక్క కూరుకుపోయి కనిపించింది. వరి పొలమని చెప్పి చూపించిన ఆ చోటు ఒకప్పుడు రొయ్యల చెరువన్న సంగతి నాకు ఆ రెక్కే చెప్పింది. మెరక మాటేమిటని అడిగితే, "అది ఎవరికి వారే చేయించుకుంటారండీ, ఇక్కడంతా అంతే" అని మధ్యవర్తి ఎంతో మర్యాదగా సమాధానమిచ్చాడు.

ఆ మర్యాద ఖరీదెంతో లెక్క వేద్దాం. అయిదు సెంట్లంటే 242 గజాలు, అంటే 2,178 చదరపు అడుగులు. మూడడుగులు మెరక చేయాలంటే 6,534 ఘనపుటడుగులు, అంటే యూనిట్‌కు వంద ఘనపుటడుగుల లెక్కన సుమారు 65 యూనిట్ల మట్టి కావాలి. తొక్కించిన తరువాత దిగుతుంది కనుక 80 యూనిట్లు అనుకోండి. నాలుగు యూనిట్లు పట్టే టిప్పర్లయితే ఇరవై ట్రిప్పులు. అదే చెరువు అడుగు భాగం మరో నాలుగడుగులు లోతుగా ఉంటే, దిగుడు కలపకుండానే లెక్క 152 యూనిట్లు దాటుతుంది. కనుక గజం ధర వినగానే మెరక ఖర్చును గజాల సంఖ్యతో భాగించి దానికి కలపండి. చవకగా కనిపించిన వెంచర్ చాలాసార్లు పక్క వెంచర్ ధరకే వచ్చి నిలుస్తుంది.

మట్టి పోసిన మరునెలలోనే పునాది తీయకూడదు. పొరలు పొరలుగా పోసి, తడిపి, రోలర్ తొక్కించి, కనీసం ఒక వర్షాకాలం దిగనివ్వడం మంచిది. కింద ఉన్నది తడిస్తే ఉబ్బి, ఎండితే పగుళ్లు విచ్చే బంకనేల అయితే, మట్టి పరీక్ష చేయించకుండా పక్కింటివారి పునాది లోతునే మనమూ తీయించడం పొరపాటు. బోరు నీరు ఉప్పగా ఉన్నచోట కాంక్రీటుకు ఆ నీటిని వాడనివ్వకండి. ఇనుము ఉన్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. తాగడానికి ఎలాగూ మున్సిపల్ కుళాయే దిక్కు కనుక, వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో ఆ వీధికి నీళ్లు ఎలా వస్తాయో అక్కడి ఇల్లాళ్లను అడగండి. మధ్యవర్తిని అడిగితే ప్రయోజనం లేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మొత్తం విస్తీర్ణం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, నమోదు ఉండాలి. పంచాయతీ తీర్మానం ఒక్కటే చూపించి అప్రూవల్ అయిందంటే నమ్మవద్దు. స్థలం మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, లేదని చూసుకోండి. రాతపూర్వక ఒప్పందం రిజిస్టరు కాకుండా పది శాతానికి మించి బయానా తీసుకోవడానికి రెరా చట్టం ఒప్పుకోదు. ఈ మాట అన్నప్పుడు ఎదుటివారి ముఖం ఎలా మారుతుందో గమనించండి, అది కూడా ఒక పరీక్షే.

నేను చెప్పిన ఆ ప్లాటుకు ఇంకా బయానా ఇవ్వలేదు. మెరక ఖర్చులో సగం తగ్గిస్తామని మొన్న ఫోన్ వచ్చింది. ఈసారి ముసురు పట్టిన మర్నాడు వెళ్లి, ఆర్చి వైపు నుంచి కాకుండా వెనక డ్రెయిన్ గట్టు మీదుగా లోపలికి వెళ్తాను. కెమెరా కూడా వెంట ఉంటుంది.