నవంబరులో మొదలయ్యే దిగులు

అందరికీ నమస్కారం. ఈ చలిలో నేపర్‌విల్ నుంచీ, షాంబర్గ్ నుంచీ పిల్లల్ని వెంటేసుకుని వచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు.

నేను డాక్టర్ని కాదు. ఏటా చలికాలంలో వచ్చే ఈ దిగులు జబ్బు పడి లేచినదాన్ని. అందుకే మాట్లాడమంటే ఒప్పుకున్నాను.

చికాగో వచ్చిన రెండో ఏడాది, నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పిన వారంలో మొదలైంది. తొమ్మిది గంటలు పడుకున్నా పొద్దున్నే లేవబుద్ధయ్యేది కాదు. సాయంత్రం నాలుగున్నరకే హెడ్‌లైట్లు వేసుకుని ఇంటికొచ్చేదాన్ని. వచ్చీ రాగానే, కోటైనా విప్పకుండా, స్టవ్ పక్కన నిలబడి చల్లారిన అన్నంలో ఆవకాయ కలుపుకుని గిన్నెలోనే తినేసేదాన్ని. ఆకలేసి కాదు. అన్నమో, బ్రెడ్డో, బిస్కెట్లో, ఏదో ఒకటి తింటూనే ఉండాలనిపించేది. ఎవరైనా ఫోన్ చేస్తే తీయాలనిపించేది కాదు.

"బెంగ పెట్టుకున్నావా అమ్మా?" అని మా అమ్మ అడిగేది. నాకు నేను పెట్టుకున్న పేరు మాత్రం బద్ధకం. మార్చి చివరికి దానంతటదే పోయింది. నవంబరులో మళ్లీ వచ్చింది. మూడో ఏడు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చాక గానీ నాకు తట్టలేదు. బెంగైతే ఊరెళ్లొస్తే తీరాలి కదా. ఇది క్యాలెండరు చూసుకుని వస్తోంది.

దీన్ని సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అంటారు, అంటే రుతువుని బట్టి వచ్చే డిప్రెషన్. 1984లో నార్మన్ రోజెంతాల్ అనే సైకియాట్రిస్టు, ఆయన సహచరులు ఈ పేరుతో వ్యాసం ప్రచురించారు. రోజెంతాల్ పుట్టి పెరిగింది జోహన్నెస్‌బర్గ్‌లో. 1976లో న్యూయార్క్ వచ్చాక చలికాలంలో తన ఓపిక తగ్గిపోవడం, వసంతంలో తిరిగి రావడం తనలోనే గమనించారు. ఎండ కాసే ఊరి నుంచి వచ్చినవాడు కాబట్టి తేడా తెలిసింది. మన సంగతీ అంతే. డిసెంబరు 21న హైదరాబాద్‌లో పగలు దాదాపు 11 గంటలు. ఇక్కడ 9 గంటల చిల్లర. అందులోనూ ఇంటి గరాజ్‌లో కారెక్కి ఆఫీసు పార్కింగ్‌లో దిగేవాళ్లకి వెలుతురు కంటపడేదెంత?

కంటపడటమే ఇక్కడ ముఖ్యం. మన రెటీనాలో, అంటే కంటి లోపల వెనకవైపు ఉండే పొరలో, కొన్ని కణాలున్నాయి. ఇది పగలా రాత్రా అని మెదడుకి చెప్పడమే వాటి ముఖ్యమైన పని. పొద్దుటి వెలుతురు అందకపోతే ఒంట్లో గడియారం వెనకబడిపోతుందనీ, చాలామందిలో ఈ దిగులుకి అదొక కారణమనీ శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. ఇంట్లో లైట్లన్నీ వేసినా మూడు నాలుగు వందల లక్స్ ఉంటే గొప్ప. మబ్బు పట్టిన రోజున కూడా మధ్యాహ్నం బయట వెయ్యి దాటుతుంది.

ఇవే రోజుల్లో, ధనుర్మాసంలో, మా అమ్మ తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి ముగ్గు పెట్టేది. గొబ్బెమ్మలు సర్దేసరికి తొలి ఎండ ముఖాన పడేది. ఇక్కడ అదే నెలలో నేను బ్లైండ్స్ కూడా తీయకుండా కూర్చున్నాను.

డాక్టరు చెప్పాక లైట్ బాక్స్, అంటే బాగా వెలుతురిచ్చే దీపం పెట్టె, కొన్నాను. 10,000 లక్స్‌ది, అల్ట్రావయొలెట్ కిరణాలు రానివ్వనిది. ఇప్పటికీ వంటింట్లో ఇడ్లీ కుక్కర్ పక్కనే ఉంటుంది. లేచిన గంటలోపు, ముఖానికి మూరెడు దూరంలో పెట్టుకుని అరగంట కాఫీ తాగుతాను. కళ్లు తెరిచి ఉంటే చాలు, సూటిగా దాని వంకే చూడకూడదు. నాకు రెండో వారంలో తేడా తెలిసింది. షుగర్ వల్ల గానీ మరోరకంగా గానీ కంటి జబ్బున్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. దీంతో తగ్గనివాళ్లకి కౌన్సెలింగ్ ఉంది, మందులున్నాయి. విటమిన్ డి తక్కువుంటే వేసుకోండి, మంచిదే. కానీ ఆ మాత్ర పొద్దుటి వెలుతురుకి బదులు కాదు.

ఇక సెలవుల సంగతి. క్రిస్మస్ వారంలో క్యాంపస్ ఖాళీ అయిపోతుంది. రూమ్మేట్లు వెళ్లిపోతారు. ఇండియా వెళ్దామంటే టికెట్ ధర, వీసా స్టాంపింగ్ టెన్షన్. ఉద్యోగం పోయినవాళ్లు "ఎక్కడ చేస్తున్నావు?" అని అడుగుతారని పాట్‌లక్‌లకి రావడమే మానేస్తారు. మొన్నే వచ్చిన అత్తగారూ మామగారూ మంచు చూసి గడప దాటరు. భోగి నాడు అక్కడ తెల్లవారుజామున ఐదింటికి మంట వేస్తే, ఇక్కడ ముందురోజు సాయంత్రం ఐదున్నర. చీకటి పడిపోయి ఉంటుంది. ఫోన్లో ఆ మంట చూసి, కాల్ పెట్టేశాక ఉండే నిశ్శబ్దం ఇక్కడ చాలామందికి తెలుసు.

అలాంటి మనిషి నోరు విప్పి "నాకు బాగోలేదు" అంటే మనమనే మొదటి మాట, "నీకేం తక్కువ?" దయచేసి ఆ మాట అనకండి. నన్ను అడిగారు. నిజంగానే నాకేమీ తక్కువ లేదు. ఇల్లుంది, మావారు మంచివారు. అన్నీ ఉండి కూడా ఇలా ఉన్నానంటే తప్పు నాదేనని నమ్మి, మరో ఏడాది ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాది నాకు తిరిగి రాదు. "నిద్ర పడుతోందా? తిన్నావా? రేపు పొద్దున్న వస్తాను, కాసేపు నడుద్దాం" అనండి. బతకాలని లేదని ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. వెంటనే అమెరికాలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి కాల్ చేయండి. ఏ అర్ధరాత్రయినా పలుకుతారు. అది మీరే అయితే, మీరే చేయండి.

ఈ సెలవుల్లో రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఈ హాలు వెనక పార్కులో అరగంట నడుస్తున్నాం. పోయినేడు నలుగురం ఉండేవాళ్లం, ఇప్పుడు పదకొండు మందిమి. బూట్లు, టోపీ ఉంటే చాలు. మాట్లాడాలని లేకపోతే మాట్లాడక్కర్లేదు. కారు లేనివాళ్లు తలుపు దగ్గరున్న కాగితంలో ఫోన్ నంబరు రాయండి, నేనొచ్చి ఎక్కించుకుంటాను.