ముందు ముక్కు, ఆఖరున కళ్లు

అందరికీ నమస్కారం.

నేను పశువైద్యుణ్ని కాను. ఇంట్లో ఒక పిల్లి ఉండగా ఇంకో పిల్లిని తెచ్చి, తెచ్చిన తీరులో తప్పు చేసి, ఆర్నెల్లు దాని ఫలితం అనుభవించినవాణ్ని. ఇవాళ చెప్పేదంతా ఆ తప్పు దగ్గరే మొదలవుతుంది.

మాకు చుక్క అని ఏడేళ్ల ఆడ పిల్లి ఉంది. పగలంతా ఒక్కతే ఉంటోంది, పాపం, తోడు తెద్దాం అనుకున్నాం. తోడు కావాలని చుక్క ఏమీ అడగలేదు. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఏడాదిన్నర వయసున్న బంటిగాణ్ని తీసుకొచ్చి, హాలు మధ్యలో వాడున్న క్యారియర్ బుట్ట పెట్టి, దాని తలుపు తీశాం. ఫోన్లో వీడియో కూడా మొదలుపెట్టాం. ఆ వీడియో పదకొండు సెకన్లు ఉంటుంది. సోఫా మీదున్న చుక్క ఒళ్లంతా నిక్కబొడుచుకుంది, తోక సీసాలు కడిగే బ్రష్‌లా అయింది. తర్వాత రెండూ కలిసి ఒకే ముద్దయి దొర్లాయి. విడదీద్దామని నేను చెయ్యి పెట్టాను. వీడియో అక్కడితో ఆగిపోయింది.

పిల్లుల పోట్లాటలో చెయ్యి పెట్టకండి. పిల్లి కోర సూదిలాంటిది. పైన గాటు చిన్నదే, ఇట్టే మూసుకుపోతుంది, క్రిములు మాత్రం లోపల ఉండిపోతాయి. రాత్రికల్లా నా చెయ్యి బూరెలా పొంగింది, యాంటీబయాటిక్స్ వాడాల్సి వచ్చింది. పిల్లి కరిస్తే వెంటనే సబ్బునీళ్లతో బాగా కడుక్కుని డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పోట్లాట ఆపాలంటే మధ్యలో ఒక అట్టముక్కో దిండో అడ్డం పెట్టండి, లేదా గట్టిగా చప్పుడు చేయండి.

చేతి వాపు వారంలో తగ్గింది. ఇల్లు మాత్రం కుదుటపడలేదు. చుక్క అల్మారా పైకి మకాం మార్చింది. రాత్రి అందరూ పడుకున్నాక దిగి, రెండు ముద్దలు తిని, మళ్లీ ఎక్కేసేది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే సలహా: 'వదిలేయండి, అవే తేల్చుకుంటాయి.' ఈ విషయంలో నేను విన్న సలహాలన్నింటిలో పనికిమాలినది ఇదే. నిజమే, తేల్చుకుంటాయి. ఒకటి ఇల్లంతా తనదే చేసుకుంటుంది, రెండోది అల్మారా మీద బతుకుతుంది.

ఎందుకిలా? మన ఇంటి పిల్లి పూర్వీకులు ఆఫ్రికా అడవిపిల్లులు. అవి ఒంటరి వేటగాళ్లు. ఒక ఎలుక ఒక పిల్లికి ఒక పూట తిండి, అందులో పంచుకోడానికి ఏముంటుంది? సుమారు పదివేల ఏళ్ల కిందట మనిషి ధాన్యం నిల్వచేయడం మొదలుపెట్టాక, ఎలుకల వెంట అవీ మన గడపలోకి వచ్చాయి. సైప్రస్‌లో దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఎముకలు దొరికాయి. అంత పాత స్నేహం మనతో. తోటి పిల్లితో స్నేహం మాత్రం వాటికి ఇష్టమైతేనే. కుక్కలు పోట్లాడుకున్నాక రాజీపడటానికి వాటికంటూ పద్ధతులున్నాయి. పిల్లికి ఆ విద్య పెద్దగా రాదు. దానికి తెలిసిన విద్య తప్పుకుపోవడం. అందుకే మొదటి పోట్లాట జరగకుండా చూసుకోవడమే మన పని. జరిగాక అది మరిచిపోదు.

అలాగని పిల్లులు గుంపులో బతకవని కాదు. తిండి దండిగా దొరికేచోట తల్లీ కూతుళ్లూ అక్కచెల్లెళ్లూ కలిసి ఉంటాయి, పిల్లల్ని కూడా కలిసే సాకుతాయి. వాటిని కలిపి ఉంచేది వాసన. పిల్లి చెంపల్లో, గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. ఒకదాని మీద ఒకటి రుద్దుకుని రుద్దుకుని అందరికీ ఒకే వాసన పడుతుంది. ఆ వాసన ఉన్నది మనవాడు, లేనిది పరాయివాడు. కొత్తది గుంపులో చేరాలంటే దూరంగా అంచున తచ్చాడుతూ, నెమ్మదిగా లోపలికి రావాలి. మనమేమో ఆ పరాయివాణ్ని తెచ్చి నట్టింట్లో కూర్చోబెడతాం. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు కదా, పిల్లి దగ్గర ఈ సామెత తలకిందులు. దానికి పాతే ముద్దు, కొత్తంటే రోత.

కాబట్టి పిల్లికి పరిచయం ముక్కుతో మొదలవ్వాలి. కళ్లు ఆఖరున. మేము చేసింది సరిగ్గా దీనికి ఉల్టా.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాం. బంటిని ఒక గదిలో పెట్టి తలుపు వేశాం. తిండి, నీళ్లు, లిట్టర్ బాక్స్ (మలమూత్రాలకు ఇసుక పోసి పెట్టే డబ్బా), గీరుకోడానికి ఒక చెక్క, దాక్కోడానికి ఒక అట్టపెట్టె, అన్నీ లోపలే. గది అంటే వాడికి జైలు అనుకోకండి. కొత్త చోట ఇల్లంతా ఒకేసారి అప్పజెబితే పిల్లి బెంబేలెత్తిపోతుంది. ఒక్క గది అయితే రెండు రోజుల్లో తనదవుతుంది.

ఈ గదికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది, దీన్ని కొత్త పిల్లిని తెచ్చిన మొదటి రోజే గుర్తుపెట్టుకోవాలి. తుమ్ములు, కళ్ల నుంచి నీరు, తామర లాంటివి బయటపడటానికి రోజులు పడతాయి. కనీసం రెండు వారాలు వేరుగా ఉంచడం మంచిది. పిల్లులకు రక్తకాన్సర్ లాంటి జబ్బులు తెచ్చే ఫీలైన్ ల్యుకేమియా వైరస్ ఉమ్మితో, ఒకదాన్నొకటి నాకడంతో అంటుకుంటుంది. పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ అనే వైరస్ ఎక్కువగా కాట్లతో వస్తుంది. రెండింటికీ రక్తపరీక్ష ఉంది, కలపకముందే చేయించండి. టీకాలు, సంతానం కలగకుండా ఆపరేషన్ కూడా అంతే. మగపిల్లికి ఆపరేషన్ అయిన మర్నాడే బుద్ధి మారదు, హార్మోన్లు దిగడానికి వారాలు పడుతుంది.

ఇక తువ్వాలు సంగతి. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు కళ్లు తెరిపించింది ఇదే. ఒక మెత్తటి తువ్వాలుతో బంటి చెంపలు నిమిరి, దాన్ని హాల్లో ఒక మూల పడేశాం. చుక్క దగ్గర కాదు, దూరంగా. ఇష్టమైతే అది వెళ్లాలి గానీ మనం ముక్కు దగ్గర పెట్టకూడదు. చుక్క మెడ సాచి వాసన చూసింది. తర్వాత నోరు సగం తెరిచి, పైపెదవి ఎత్తి, ఏదో పాత బాకీ గుర్తొచ్చిన మనిషిలా అలాగే ఉండిపోయింది. పిల్లులకు నోటి పైభాగంలో వాసనల కోసం ఇంకో అవయవం ఉంటుంది, గాలిని దానికి అందించడానికే ఆ ముఖం. చూసి చూసి, బుస్సుమని వెళ్లిపోయింది. రెండో రోజూ అంతే. ఐదో రోజు బుసలేదు. తొమ్మిదో రోజు వెళ్లి ఆ తువ్వాలు మీద పడుకుంది. మనిషి ఇంకా లోపలే ఉన్నాడు, వాడి వాసన మాత్రం ఇంటిదైపోయింది.

అప్పుడు చోట్లు మార్చాం. రోజుకో గంట చుక్క ఆ గదిలో, బంటి హాల్లో, ఒకదాని కంట ఒకటి పడకుండా. తర్వాత మూసిన తలుపుకు చెరోవైపు తిండిగిన్నెలు. మొదట తలుపుకు ఆరడుగుల దూరంలో పెట్టాం, రోజూ కొంచెం కొంచెం జరిపాం. ఎక్కడ తినడం మానేస్తే అక్కణ్నుంచి వెనక్కి. తినడం మానడం చిన్న విషయం కాదు. రెండు మూడు రోజులు అస్సలు తినకపోతే పిల్లికి కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది, ముఖ్యంగా ఒళ్లు చేసినవాటికి. అంతవరకూ ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

చూపులు ఆ తర్వాతే. దోమల జాలి తలుపు బిగించి దాని వెనక నుంచి, రోజుకు రెండు మూడు నిమిషాలు. బాగుంది కదా అని ఇంకాసేపు ఉంచుదాం అనిపిస్తుంది. వద్దు, బాగుండగానే ఆపేయాలి.

బుసకొట్టడం చూసి చాలామంది టెన్షన్ పడతారు. బుస అంటే 'దగ్గరికి రాకు' అని చెప్పడం, అంతే. చెప్పినదాన్ని అవతలిది విని ఆగితే అంతకంటే ఏం కావాలి? నాకు భయం మాటాపలుకూ లేని పిల్లంటేనే. మొదటి ఆర్నెల్లూ బంటి వరండా తలుపు దగ్గర బుద్ధిమంతుడిలా పడుకునేవాడు. ఎంత నెమ్మదస్తుడో అనుకునేవాళ్లం. లిట్టర్ బాక్స్‌కి వెళ్లే దారి అదొక్కటే. వాడు దారికి అడ్డంగా కూర్చుని, కన్నార్పకుండా చూస్తూ, చుక్కను వెళ్లనివ్వడం లేదు. చుక్క మా మంచం మీద పోసింది. మేం తిట్టింది ఎవర్నో ఊహించుకోండి.

రెండు పిల్లులకు మూడు లిట్టర్ బాక్సులు కావాలంటారు. మూడూ ఒకే వరసలో పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే, అడ్డంగా కూర్చునేవాడికి పని సులువు. వేర్వేరు మూలల్లో పెట్టండి. మంచాల మీద పోయడం అన్నిసార్లూ అలక కాదు, బెంగతో మూత్రాశయం వాచే జబ్బు పిల్లులకు ఉంది. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ ఒక్క బొట్టయినా పోయలేకపోతే అది ఎమర్జెన్సీ, తెల్లారేదాకా ఆగొద్దు.

ఎన్నాళ్లు పడుతుంది అని అడుగుతారు. కొన్ని ఇళ్లలో రెండు వారాలు. మాకు రెండోసారి రెండున్నర నెలలు పట్టింది, ఎందుకంటే కొత్తది నేర్పేముందు పాతది మరిపించాలి. అన్నీ కుదిరాక కూడా ఒకరోజు బంటిని ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చేసరికి చుక్క వాణ్ని చూసి బుస్సుమంది. వాడి ఒంటికి పట్టిన మందుల వాసన దానికి పరాయిది. మళ్లీ గది, మళ్లీ తువ్వాలు. ఈసారి ఒక్క పూటతో అయిపోయింది.

ఇప్పుడవి ప్రాణస్నేహితులా అంటే కాదు. ఒకే మంచానికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పడుకుంటాయి. మొన్న పొద్దున బంటి వరండాలో నడిచి వస్తుంటే చుక్క ఎదురైంది. రెండూ ఆగాయి. చుక్క మెడ సాచి వాడి ముక్కుకు ముక్కు ఆనించింది, చెంప వాసన చూసింది. తర్వాత తీరిగ్గా పంజా ఎత్తి వాడి చెవి మీద ఒక్కటిచ్చింది. గోళ్లు బయటికి రాలేదు.